మిరప కల్లం మీద దిగిన కమాండర్ గారు

ఏడో తరగతి నాకు ఎంత నచ్చిందంటే రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదువుదామనుకున్నాను గానీ మా మాస్టారు ఒప్పుకోలేదు. ఆయన్ని అని లాభం లేదు. సోషల్ పేపర్లో కృష్ణానదిని తీసుకెళ్ళి అరేబియా సముద్రంలో కలిపినవాణ్ణి నేను. అలాంటి నా చేతికి ఒక మిలిటరీ హెలికాప్టర్ పైలటు మ్యాపు ఇచ్చి, "మస్తానూ, దారి నువ్వు చూసుకో" అన్నాడంటే, తర్వాత జరిగినవాటిలో తప్పు ఎవరిదో మీరే చెప్పండి.

మొన్న ఫిబ్రవరి నెలాఖర్లో మేమిద్దరం సైకిళ్ళ మీద పొన్నూరు నుంచి పొదిలి దాకా వెళ్ళాం. బస్సులో అయితే ఒక పూట. మాకు ఐదు రోజులు పట్టింది. అందులో ఒక రోజు పూర్తిగా నా మ్యాపు చదువుకే పోయింది.

పొన్నూరు

నాకు పొన్నూరు బస్టాండు వెనక సైకిల్ షాపుంది. కమాండర్ గారంటే వింగ్ కమాండర్ శ్రీధర్ గారు. పుట్టింది ఒంగోలు. పాతికేళ్ళు వైమానిక దళంలో హెలికాప్టర్లు నడిపి, రిటైరయ్యాక భార్య ఊరని మా పొన్నూరులో ఇల్లు కట్టుకున్నారు. అరవై నాలుగేళ్ళ మనిషి. ఇంట్లో మంచముండగా మేడ మీద గుడారం వేసుకుని పడుకుంటారు. చెరువు గట్టున కూర్చుని పిట్టల పేర్లు పుస్తకంలో రాసుకుంటారు. మా వీధిలో ఆయన్ని చూసి కొందరు గౌరవిస్తారు, కొందరు జాలిపడతారు.

ఒకరోజు సైకిలు ఓవరాయిలింగుకి తెచ్చి, "పొదిలి వైపు వెళ్ళాలి, డాక్టరు ఒంటరిగా వెళ్ళొద్దన్నాడు" అన్నారు.

"నేను రానా సార్?" అన్నాను. మర్యాదకి అన్నాను. మా ఊళ్ళో భోజనం చేస్తూ ఎదుటివాణ్ణి "రండి, తిందాం" అంటాం చూడండి, అలా.

"రేపు ఐదింటికి రెడీగా ఉండు" అన్నారాయన. మిలిటరీ వాళ్ళకి మర్యాద మాటలు అర్థం కావని అప్పుడే తెలిసింది.

పొదిలి వైపు ఏం పనని అడిగితే, "ఒకావిడ్ని వెతకాలి" అన్నారు.

నేను ఒక నవ్వు నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఇరవై రెండేళ్ళ కిందట ఆవిడ మిరప కల్లం పాడుచేశాను. ఏడాది పంట. ఆ కుటుంబం ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవాలి" అన్నారు. ఊరి పేరు తెలియదు, ఆవిడ పేరూ తెలియదు. ఆయన దగ్గరున్నదల్లా పాత మ్యాపు మీద పెన్సిలుతో గీసిన ఒక సున్న. దర్శికీ పొదిలికీ మధ్యలో ఎక్కడో.

పర్చూరు దగ్గర

మా డెల్టాలో నేలంటే నీళ్ళు, నీళ్ళంటే వరి. పర్చూరు చేరేసరికి నేల నల్లబడింది. అటు పత్తి, ఇటు మిరప, మధ్యలో పొగాకు. టీ పది రూపాయలే గానీ గ్లాసు మా ఊరి గ్లాసులో సగముంది. "ఇదేంటయ్యా, గ్లాసు మడిచారా?" అంటే టీకొట్టాయన, "మీ పొన్నూరోళ్ళు పాలలో నీళ్ళు పోసి గ్లాసు పెంచారు. మేం రెండూ పెంచలేదు" అన్నాడు. నోరు మూసుకుని ఇంకో టీ చెప్పాను.

ఊరు దాటాక మొదటి పంక్చరు. సర్కారుతుమ్మ ముల్లు. నేను హుషారుగా బ్యాగు విప్పాను. పంపు ఉంది, ప్యాచీలు ఉన్నాయి, సొల్యూషన్ ట్యూబు లేదు. ముప్పై ఏళ్ళ నుంచి పంక్చర్లు వేసే మనిషిని. కమాండర్ గారు ప్యాంటుకున్న ఏడు జేబుల్లో నాలుగో దాంట్లోంచి ట్యూబు తీసి, ఒక్క మాట కూడా అనకుండా ఇచ్చారు. ఏమైనా అంటే బాగుండేది.

పంక్చరు వేస్తుండగా పక్క మిరప చేను మీద డ్రోను ఎగురుతోంది. మందు కొడుతోంది. నడిపేది ముప్పై ఏళ్ళ ఆడమనిషి, పేరు సుజాత. తలకి తువ్వాలు, చేతిలో రిమోటు. ఎకరం పది నిమిషాల్లో పూర్తి చేస్తుందట. కమాండర్ గారు పొలం గట్టు మీద గొంతుక్కూర్చుని దాన్నే చూస్తున్నారు. ఆవిడకి అనుమానం వచ్చింది.

"ఏంటండీ, అట్టా చూస్తన్నారు? మీరూ నడుపుతారా?"

"నడిపేవాణ్ణమ్మా. ఇలాంటిదే. కాస్త పెద్దది."

"ఎన్ని లీటర్లు పడతాయి?"

"మనుషులే పాతికమంది పడతారు."

సుజాత ఆయన్ని కింద నుంచి పైదాకా చూసి, నా వైపు తిరిగి, "ఈయన్ని ఎండలో తిప్పమాకండి" అంది.

గుండ్లకమ్మ ఒడ్డు

రెండో రోజు మ్యాపు నా చేతిలో ఉంది కాబట్టి మేము అద్దంకికి ఉత్తరాన ఉండాల్సింది దక్షిణాన తేలాం. కమాండర్ గారు సూర్యుణ్ణీ, నన్నూ ఒకసారి చూసి, మ్యాపు నా చేతిలోనే ఇటు నుంచి అటు తిప్పి మళ్ళీ ఇచ్చారు. నేను తలకిందులుగా పట్టుకున్నానట. అక్షరాలు కూడా తలకిందులుగా ఉంటే తెలియలేదా అని మీరడగొచ్చు. అవి ఇంగ్లీషు అక్షరాలు. నాకు ఎటు పట్టుకున్నా ఒకటే.

సాయంత్రం గుండ్లకమ్మ ఒడ్డున ఆగాం. ఆయన గంటసేపు గాలం వేశారు. నేను ఐదు నిమిషాల్లో నాలుగు చేపలు పట్టాను, అటుగా పోతున్న చేపలాయనకి నూట ఇరవై రూపాయలిచ్చి. వాటిని కాలుస్తూ నాకున్న సందేహాలన్నీ అడిగేశాను.

హెలికాప్టరు నడపడానికి రెండు చేతులూ రెండు కాళ్ళూ కావాలట. ఎడమ చేత్తో ఎత్తు, కుడి చేత్తో దిక్కు, కాళ్ళతో మూతి తిప్పడం. ముక్కు దురద పెడితే ఎలా అని అడిగాను. "పక్కన కో-పైలటు ఉంటాడుగా" అన్నారు. మంచుకొండల్లో క్యారంబోర్డంత చోటులో దిగారట. వరదల్లో ఇళ్ళ కప్పుల మీంచి మనుషుల్ని తాడుతో పైకి లాగారట. అలా లాగిన ఒక ముసలమ్మ తనతో మేకనూ తెస్తే తప్ప రానని మొండికేస్తే, మేకనూ లాగారట. "సగం దారిలో అది నా సీటు తినేసింది" అన్నారు.

నేను నవ్వుతుంటే ఆయన చేపముల్లు తీస్తూ ఆగి, కల్లం సంగతి చెప్పారు.

ఆ రోజు ఈ మైదానాల మీదుగా వెళ్తుంటే ఎదుట ఒక దీపం వెలిగింది. గేరుబాక్సు నూనెలో ఇనప రజను పడితే వెలిగే దీపం. అది వెలిగిందంటే వెంటనే దిగిపోవాలి. కింద చూస్తే కాలవ నీళ్ళు పెట్టిన నల్లరేగడి, దిగితే చక్రాలు కూరుకుపోతాయి. మిగతా చోట కరెంటు తీగలు. ఒక్కచోట మాత్రం చదునుగా, గట్టిగా, ఎర్రగా కనిపించింది. ఎర్రమట్టి నేల అనుకున్నారు. దాని మీదకి దించారు.

"నేల ఇంకో పది అడుగులుందనగా ఆ ఎరుపు లేచింది మస్తానూ. నేల మొత్తం లేచినట్టు లేచింది. అప్పుడు తెలిసింది, మిరపకాయలని."

పంటంతా గాలికి లేచి పక్క పత్తి చేలో పడింది. ముగ్గురు సిబ్బంది కళ్ళు మండి, తలుపులు తీసి నేలమీద పడ్డారు. ఒకావిడ పరుగున వచ్చి, తాగడానికి తెచ్చుకున్న కడవ నీళ్ళు ముగ్గురి కళ్ళలో పోసింది. సాయంత్రం రెండో హెలికాప్టరు మెకానిక్కుల్ని దింపి, వీళ్ళని ఎక్కించుకుని పోయింది. పంట సంగతి ఎవరో చూసుకుంటారనుకున్నారు. చూసుకున్నారో లేదో ఆయన అడగలేదు.

"ఒంగోలులో పుట్టి మిరపకాయల్ని గుర్తుపట్టలేదా సార్?" అన్నాను. వేళాకోళానికే అన్నాను.

"అదే నన్ను తినేస్తున్నది" అన్నారాయన. "పంజాబు వాడు ఆ తప్పు చేస్తే క్షమించొచ్చు. నేను చేశాను."

ఆ తర్వాత చేపలు రుచించలేదు. ఉప్పు వెయ్యడం మర్చిపోయాననీ అప్పుడే గుర్తొచ్చింది.

దర్శి దాటాక

దర్శిలో ప్లేటు ఇడ్లీ ముప్పై రూపాయలు, చట్నీ రెండు రకాలు. ఎర్ర చట్నీని నేను టమాటా చట్నీ అనుకుని చెంచాడు వేసుకున్నాను. కాసేపు నా చెవుల్లోంచి కూత వినిపించింది. మా ఊళ్ళోనూ కారం తింటాం. కానీ అక్కడ కారం ఇడ్లీలోకి, ఇక్కడ ఇడ్లీ కారంలోకి.

నాలుగో రోజు పొద్దున్నించి అడగడం మొదలుపెట్టాం. "ఇరవై రెండేళ్ళ కిందట ఇక్కడెక్కడో హెలికాప్టరు దిగింది, తెలుసా?"

తెలియనివాడు లేడు. ఒకాయన ఎన్నికలప్పుడు మంత్రిగారు దిగిన హైస్కూలు గ్రౌండు చూపించాడు. ఇంకొకాయన సినిమా హీరో దిగిన చోటు చూపించాడు. మూడో ఊళ్ళో అయితే దిగబోయి దిగకుండా వెళ్ళిపోయిన చోటు కూడా చూపించారు. ప్రతి ఊళ్ళోనూ కమాండర్ గారి మొహం ముందు వెలిగేది, తర్వాత ఆరేది. మధ్యాహ్నం దాకా దొరకకపోతే ఇంటికి వెళ్ళిపోదామన్నారు. ఆ మాట ఆయన నోట వస్తుందనుకోలేదు.

బీడీ కాలుస్తూ గేదెల్ని కాసుకుంటున్న ఒక పెద్దాయన మాత్రం, "ఏ హెలికాప్టరు? ఓట్లదా, మిరగాయలదా?" అన్నాడు.

కమాండర్ గారు సైకిలు దిగారు.

"మిరగాయలదైతే గాలిమోటరు కోటమ్మోళ్ళ కల్లం. అదిగో, ఆ తాటిచెట్ల వెనక. ఆ రోజు మా ఇంట్లో కళ్ళు మండి రెండు పూటలు పొయ్యి ఎలిగించలా. బళ్ళో పిల్లలకి సెలవిచ్చారు. మళ్ళీ ఎప్పుడు దిగుద్దా అని ఎదురుచూశారు నాయాళ్ళు."

కల్లం

తాటిచెట్ల వెనక పది పన్నెండు కల్లాలు వరసగా ఉన్నాయి, ఎర్ర దుప్పట్లు ఆరేసినట్టు. మొదటిదాంట్లో అరవై ఏళ్ళావిడ, ఇంకో ఐదుగురు ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని తాలంటారు. చేతులకి ఆముదం, మొహాలకి గుడ్డలు.

కమాండర్ గారు అంచున బూట్లు విప్పి నిలబడ్డారు. అంత ఎత్తు మనిషీ కల్లంలోకి అడుగు పెట్టడానికి జంకారు. మంచుకొండ మీద క్యారంబోర్డంత చోటులో దిగిన మనిషి.

"ఎవరయ్యా? కాయలు కొనేవాళ్ళా?" అంది ఆవిడ.

"కొనేవాళ్ళం కాదక్కా, చెదరగొట్టేవాళ్ళం" అన్నాను నేను.

ఆవిడ మొహానికున్న గుడ్డ కిందికి లాగి ఆయన్ని చూసింది. చాలాసేపు చూసింది. "గాలిమోటరాయనా?" అంది.

ఆయన తలూపారు. "మీ పంట..." అని మొదలుపెట్టారు.

"అన్నం తినకుండా పోయారేం?"

ఆయనకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ముగ్గురు మనుషులు కళ్ళు మండి ఏడుస్తన్నారని కోడిని కోశాను. పంటంతా పత్తిలో పడుంటే, మా ఆయన నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంటే, ఇంటికి పోయి కూర వండాను. గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి మీరు గాలిలో ఉన్నారు. ఎళ్ళొస్తానన్న మాట లేదు."

"అప్పుడు తొందరలో..."

"గాలిలో పోయేవాళ్ళకి తొందరేంటండీ? అడ్డం ఎవరొస్తారు?"

పక్కనున్న ఆడవాళ్ళు గుడ్డల వెనక నవ్వారు. కోటమ్మ నవ్వలేదు.

"కాయలేమయ్యాయమ్మా?" అన్నారాయన. అది అడగడానికే నాలుగు రోజులు తొక్కారు.

"ఊరంతా వచ్చి మూడు రోజులు ఏరారు. నష్టం రాలేదంటే అబద్ధం. మట్టి కొట్టుకుని సగం తాలు కింద పోయింది. ఆ ఏడు బర్రెని అమ్మేశాం. రెండేళ్ళు నీళ్ళ మజ్జిగే తాగాం. తర్వాత కోలుకున్నాంలే. మళ్ళీ ఏడు పత్తి చేలో మిరప మొక్కలు మొలిచినై, మేం ఎయ్యకుండానే. కాయల సంగతి మా ఆయన మర్చిపోయాడు. ఇప్పుడు గుంటూరు యార్డుకి లోడుతో పోయాడు, ఉంటే ఆయనే చెప్పేవాడు. కూర సంగతి నేను మర్చిపోలా."

కమాండర్ గారు, "క్షమించమని అడగడానికి వచ్చానమ్మా" అన్నారు.

కోటమ్మ చీర దులుపుకుని లేచింది. "బూట్లు ఇప్పారుగా. కూర్చుని తాలు ఏరండి, వంటయ్యేదాకా" అని ఇంటి వైపు నడిచింది.

మా వైపు ఇంటికొచ్చిన మనిషికి కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు. ఇక్కడ చాట ఇచ్చారు. ఏరే రోజున కల్లానికి వచ్చినవాడు ఎవడైనా సరే కూర్చుని ఏరాల్సిందేనట. కలెక్టరు వచ్చినా ఇంతేనా అని అడిగితే పక్కావిడ, "ఆయనకి పెద్ద చాట ఇస్తాం" అంది. గంటన్నరలో కమాండర్ గారు ఒక బుట్టెడు ఏరారు. నేను పావు బుట్ట ఏరి, అదే చేత్తో కన్ను నలుపుకుని, మిగతా టైము కడవ దగ్గర గడిపాను.

వంటొచ్చింది. నాటుకోడి కూర, అన్నం, గోంగూర. కల్లం అంచున చాప వేసి వడ్డించింది. ఆయన మొదటి ముద్ద తిని, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని, "కారం" అన్నారు. "మా కాయే" అంది కోటమ్మ.

అప్పుడు ఆయన తలెత్తి ఆకాశం చూశారు. "గాలి తిరిగింది మస్తానూ. ఆ కొండ వెనక మబ్బు పెరుగుతోంది. వాన రావచ్చు, రాకపోవచ్చు" అని నాకు మాత్రమే వినబడేట్టు అన్నారు.

నా చెవిలో "రావచ్చు" ఒక్కటే పడింది. ఆరబెట్టిన మిరప మీద వాన పడితే ఏమవుతుందో ఈ వైపు పుట్టనివాడికీ తెలుసు. నేను చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి కల్లాల వెంట పరిగెత్తాను. "వానొస్తోంది, పోగులెయ్యండి, వింగ్ కమాండర్ గారు చెప్పారు, పాతికేళ్ళు మబ్బుల్లో తిరిగిన మనిషి" అని ఒక్కో కల్లం దగ్గరా అరిచాను. ఊరు కదిలింది. ఆడా మగా అన్నాలు వదిలేసి వచ్చి, పలుగుచెక్కలతో కాయల్ని పోగులు లాగుతున్నారు. పట్టాలు పరుస్తున్నారు, రాళ్ళు పెడుతున్నారు.

కమాండర్ గారు కూడా లేవబోయారు. కోటమ్మ పట్టా ఒక కొస పట్టుకునే వెనక్కి తిరిగి, "ఈసారి కూడా తినకుండా లేస్తారా?" అంది.

ఆయన కూర్చున్నారు. ఊరంతా దుమ్ములో పరుగులు తీస్తుంటే, ఆ అరవై నాలుగేళ్ళ మిలిటరీ మనిషి చాప మీద ఒక్కడే కూర్చుని, తల వంచుకుని, ఒక్కో ముద్దే తిన్నారు. విస్తట్లో మెతుకు మిగలనివ్వలేదు. సైన్యంలో ఆయన ఎన్ని ఆజ్ఞలు పాటించారో గానీ ఇంత కష్టమైనది ఉండి ఉండదు.

పావుగంటలో కల్లాలన్నీ నీలం పట్టాల కిందికి వెళ్ళిపోయాయి. అందరం మబ్బు వైపు చూస్తూ నిలబడ్డాం. మబ్బు కొండ దాకా వచ్చింది. ఏమనుకుందో ఏమో, అటునుంచి అటే దక్షిణానికి వెళ్ళిపోయింది. నా నెత్తి మీద రెండు చుక్కలు పడ్డాయి. అవీ చెమట చుక్కలేనని తర్వాత తేలింది. ఎండ మళ్ళీ ఫెళ్ళున కాసింది.

ఊరు మొత్తం నా వైపు తిరిగింది.

"ఏదయ్యా వాన?" అంది ఒకావిడ.

"నేను రాకపోవచ్చు అని కూడా అన్నాను" అన్నారు కమాండర్ గారు చెయ్యి కడుక్కుంటూ.

"మిలిటరీలో తోటివాణ్ణి ఇలాగే వదిలేస్తారా సార్?" అన్నాను.

"తోటివాడు సగం మాట విని పరిగెత్తితే, అవును."

కాయల్ని మళ్ళీ పరవడానికి పొద్దు వాలేదాకా పట్టింది. ఒక పూట ఎండ పోయింది అందరికీ. పన్నెండు కల్లాల్లోనూ నేనే ముందుండి పలుగుచెక్క లాగాను. ఎవరూ వద్దనలేదు.

పొదిలి

మర్నాడు పొద్దున బయల్దేరుతుంటే కమాండర్ గారు బూట్లు వేసుకోకముందే, "ఎళ్ళొస్తానమ్మా" అన్నారు. సైకిలెక్కాక మళ్ళీ అన్నారు. తాటిచెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, మూడోసారి చెయ్యి ఊపారు. కోటమ్మ రెండు కేజీల కాయల సంచి ఆయన హ్యాండిలుకి కట్టి పంపింది గానీ, క్షమించానన్న మాట మాత్రం అనలేదు.

పొదిలిలో సైకిళ్ళు బస్సు మీదకి ఎక్కించాం. దారిపొడుగునా ఆయన కిటికీలోంచి ఎర్రటి కల్లాల్నే చూస్తూ కూర్చున్నారు. "నవ్వలేదు చూశావా ఆవిడ" అన్నారు ఒకసారి. "పక్కవాళ్ళు నవ్వారు కద సార్" అన్నాను.

ఆ కాయల్లో సగం కమాండర్ గారు నాకిచ్చారు. ఇంటికొచ్చిన పదిహేను రోజులకి వాటి కారం మా ఆవిడ రహీమా కూరలో వేసింది. అది తిన్నాక కోటమ్మక్కకి ఫోను చేశాను. పంటంతా వాన పడకముందే యార్డుకి చేరిందట. మంచి రంగే వచ్చిందట. కుశల ప్రశ్నలయ్యాక ఉండబట్టలేక అడిగేశాను.

"ఇంతకీ అక్కా, మా కమాండర్ గారిని క్షమించినట్టా, లేనట్టా? ఆయన ఇక్కడ సరిగా అన్నం తినడం లేదు."

"ఆయన్ని క్షమించకపోతే నా కల్లం మీద కూర్చోబెట్టి అన్నం పెడతానా? తినమని చెప్పు" అంది. నేను సంతోషంగా ఫోను పెట్టెయ్యబోతుంటే ఆపింది. "ఆగవయ్యా మస్తానూ. ఆయన చెదరగొట్టింది మా కల్లం ఒక్కటే, దానికే నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. నువ్వు నోటితో పన్నెండు కల్లాలు ఎత్తించావు. నీకెన్నేళ్ళు పడుద్దో కూర్చుని లెక్కేసుకో."